జానకత్త నాలుగు హద్దులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ముందే చెప్పేస్తే నాకూ తేలిక, వినేవాళ్ళకూ తేలిక. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేను, తప్పు చేసి పైగా అరిచిందీ నేనే. మాట పడింది మాత్రం మా జానకత్త.

నా పేరు శివరంజని. విరుదునగర్‌లో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. నలభై కంప్యూటర్లు, అరవై మంది పిల్లలు. వాళ్ళల్లో సగం మందికి చెయ్యి పెట్టకూడని చోటే చెయ్యి పెట్టాలని ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే పని. పని రాదని ఇంతవరకు నన్ను ఎవరూ అనలేదు. నేనే అందరినీ అంటూ ఉంటాను.

జానకత్త మా నాన్నకు అక్క. కాగితాల్లో జానకియమ్మాళ్. వయసు యాభై ఆరు. కోవిల్‌పట్టిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే అళగర్సామి అనే ఆయన కొట్టు ఉంది. ఊరంతా ఆయన్ని అన్నాచ్చి, అంటే అన్నగారు, అని పిలుస్తుంది. ఆ కొట్టులో గోడవైపు తిరిగి ఉండే కుర్చీ మా అత్తది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోలేదు. కుర్చీలు నాలుగు మారాయి, మనిషి మారలేదు.

ఆమె పుట్టింది ఒట్టపిడారం పక్కన నల్లరేగడి పల్లెలో. పత్తి, మిరప తప్ప ఇంకేమీ పండని నేల. పదో తరగతి అయ్యాక ఇంట్లో అందరూ పత్తి ఏరడానికి రమ్మంటే, నాకు నడుము నొప్పి అని అబద్ధం చెప్పి బస్సెక్కి కోవిల్‌పట్టికి వచ్చి టైపు క్లాసులో చేరింది. అక్కడి సారు మీటల మీద రేకు మూత బిగించేవాడట. మూత కింద చేతులు పెట్టి కొట్టాలి. ఏ మీట మీద ఏ అక్షరం ఉందో కంటికి కనబడదు. రెండేళ్ళు అలా కొట్టి, తమిళం టైపులో హయ్యర్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసయింది. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ ఇంట్లో దేవుడి పటాల వరుసలోనే ఉంటుంది. పెళ్ళి ఫోటో మాత్రం బీరువాలో ఉంటుంది. దీని మీద మా శంకరలింగం మామ ఎన్నిసార్లు అలిగాడో లెక్కలేదు. మామ వేరుశనగ మిఠాయి తయారుచేసే చోట పాకం చూసే మనిషి. అలిగినా ఆయన అలక పాకం ముదిరేంత సేపే.

మా ఇళ్ళల్లో తెలుగు నోటికే గాని చేతికి లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే తమిళం, చదువూ రాతా తమిళమే. నేను ఈ అక్షరాలు నేర్చింది హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసినప్పుడు. అత్తకు తెలుగులో తన పేరు కూడా రాయడం రాదు. కానీ తమిళంలో ఆమె దస్తావేజు కొడుతుంటే వాన పడుతున్నట్టు ఉంటుంది. మిషను పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు చుట్టుపక్కల టైపిస్టులందరూ కొత్త పద్ధతుల్లోకి మారిపోయారు. అత్త మాత్రం పాత మిషనులో మీటలు ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉండాలని పట్టుబట్టి పెట్టించుకుంది.

ఇంకొకటి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఎవరి చేను పక్కన ఎవరి చేను ఉందో ఆమెకు నోటికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా హద్దులు కొట్టీ కొట్టీ బుర్రలో పడిపోయాయి. పెళ్ళిలో ఎవరైనా పరిచయమైతే ఊరి పేరు అడిగి, "ఓ, మీ చేనుకు పడమర వాగు గదా" అనేస్తుంది. ఎదుటివాళ్ళు బిత్తరపోయి చూస్తారు.

ఈ సంవత్సరం నడి వేసవిలో, చిత్తిరై నెలలో ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పైకి లేవదు, పక్కకు చాపితే ప్రాణం పోయినంత నొప్పి. చీర కొంగు మామే సర్దేవాడు. డాక్టరు చూసి, ఇది ఏడాదో ఏడాదిన్నరో ఉండి దానంతట అదే పోతుంది, అంతదాకా చెయ్యి చాచే పని వద్దన్నాడు. విచిత్రం ఏమిటంటే మోచేతులు ఒంటికి ఆనించుకుని టైపు కొట్టడానికి ఏ నొప్పీ లేదు. నొప్పంతా పక్కన ఉన్న మౌసు దగ్గరికి చెయ్యి చాచినప్పుడే. సరే అని ఎడమ చేత్తో మౌసు పట్టుకుంది. ఎడమ చేత్తో ఏది నొక్కుతుందో ఆమెకే తెలిసేది కాదు. ఒకరోజు ఒకరి దస్తావేజు బదులు ఇంకొకరిది స్టాంపు ముద్ర కాగితం మీద ప్రింటు అయిపోయింది. ముద్ర కాగితం పాడైతే ఆ కొట్టులో చావు కబురు వచ్చినట్టే.

అన్నాచ్చి చెడ్డవాడు కాదు. కానీ మెత్తగా మాట్లాడుతూనే చెప్పవలసింది చెప్పేశాడు. ఆషాఢం లాంటి ఆడి నెలలో ఎలాగూ ఎవరూ భూమి కొనరు, అమ్మరు. ఆ నెలంతా ఇంట్లో ఉండి చెయ్యి చూసుకో. ఆ తర్వాత ఆవణి నెల మొదటి ముహూర్తం నాడు వచ్చి కూర్చో. ఆ రోజు పని జరిగితే సరే, జరగకపోతే ఆ కుర్చీలో ఏళాయిరంపన్నై నుంచి వచ్చే మారీశ్వరి అనే కొత్త టైపిస్టు కూర్చుంటుంది. అంతే సంగతి.

ఆ ఆదివారం నేను సాత్తూరు మీదుగా బస్సులో కోవిల్‌పట్టి పోయాను. అత్త వాకిట్లో కూర్చుని ఉంది. చేతిలో ఏ పనీ లేకుండా ఆమెను అంతకు ముందు నేను చూడలేదు.

"నా కుర్చీ పోతాది పాపా," అంది. "నొప్పి తట్టుకొంటా. అది కాదు. రేపట్నించి పొద్దున లేచి యాడికి పోవాలనేదే తెలీదు."

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం వస్తుంది.

"ఏం పోదు! నేను లేనా?" అని కసిరాను. "మౌసే కదా నీకు శత్రువు? మౌసు లేకుండా చేస్తాను, చూడు."

నేను ఊరికే అనలేదు. మామూలు కంప్యూటర్‌లో ఏది తెరిచినా ఒకదాని మీద ఒకటి పడి ఉంటుంది. కిందిది పైకి తేవాలన్నా, పక్కకు జరపాలన్నా మౌసుతో లాగాలి. అలా కాకుండా టైలింగ్ విండో మేనేజర్ అని ఒక రకం ఉంది. అందులో ఒకటి తెరిస్తే తెరంతా దానిదే. రెండోది తెరిస్తే చెరి సగం. మూడోది వస్తే ఆ సగంలో సగం. ఏదీ ఇంకోదాని మీద ఎక్కదు. తెర మీద నొక్కడానికి బొమ్మలు లేవు, గుండీలు లేవు. అన్నీ మీటలతోనే. నేను పదేళ్ళుగా అదే వాడుతున్నాను, దాని గురించి చూసినవాళ్ళకూ చూడనివాళ్ళకూ గొప్పలు చెప్పుకుంటాను. దాంట్లో సుఖం ఏమిటంటే, ఏ మీట నొక్కితే ఏం జరగాలో ఒక ఫైలులో మనమే వరుసగా రాసుకోవచ్చు. కష్టమూ అదే, మనం రాయనిది ఏదీ జరగదు.

అన్నాచ్చిని అడిగి కొట్టులోని కంప్యూటర్‌ను ఆటోలో అత్త ఇంటికి తెప్పించాం. అంతా తుడిచేసి కొత్తగా పెట్టాను. నల్లటి తెర, పైన సన్నటి పట్టీ, పట్టీలో టైము. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఏందే ఇది, కరెంటు పోయినట్టు వుండాది?"

"ఇదే అందం అత్తా. ఏమీ ఉండకూడదు."

"ఏమీ లేకపోతే యాడ అని చూసేది?"

ఒక పాత దస్తావేజు తెరిచి చూపించాను. తెరంతా పరుచుకుంది. ఇంకొకటి తెరిచాను. తెర రెండుగా చీలి, ఒకటి ఎడమ, ఒకటి కుడి నిలబడ్డాయి. మూడోది తెరవగానే కుడి సగం మళ్ళీ పైనా కిందా అయింది. అత్త తెర దగ్గరికి వంగి చూసింది. తర్వాత ముఖం విప్పారింది.

"అట్ల చెప్పు! అన్నదమ్ములు చేను పంచుకొన్నట్టు. గట్టు వేసేస్తే ఇంగ ఒకడి చేన్లోకి ఇంగొకడు రాడు."

ల్యాబులో పిల్లలకు ఈ ముక్క అర్థం చేయించడానికి నాకు వారం పడుతుంది. ఆమెకు ఒక్క నిమిషం పట్టింది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం అసూయ వేసింది.

ఇక అక్కడి నుంచి ఆమె కోరికలు మొదలయ్యాయి. ఇప్పుడు ఏ చేన్లో నిలబడి ఉన్నానో తెలియాలి కాబట్టి దాని చుట్టూ గట్టు ఎర్రగా ఉండాలంది. ఎరుపు పెట్టాను. ఆ ఎరుపు కాదు, కుంకం ఎరుపు అంది. నాలుగు ఎరుపులు చూపించాక ఒకటి ఒప్పుకుంది. అక్షరాలు పెద్దవి కావాలంది. పెట్టాను. పైపట్టీలో ఉత్త టైము దేనికి, రావుకాలం ఎప్పుడో చూపించమంది.

"అత్తా, ఇది కేలండరు కాదు!"

"రావుకాలంలో ఎవురే సంతకం పెట్టేది? వచ్చిన ప్రతివాడూ అదే అడగతాడు. ప్రతిసారీ మెడ తిప్పి గోడ కేలండరు చూడాల. మెడ తిప్పితే బుజం పట్టేస్తాది."

ఏడు రోజుల రావుకాలాలూ రాసి, ఆ రోజుది పట్టీలో కనబడేలా చేశాను. ఇంత పొదుపైన తెర మీద రావుకాలం పెట్టుకున్న మనిషి ప్రపంచంలో మా అత్త ఒక్కతే అయి ఉంటుంది. మౌసు పీకి నా సంచిలో వేసుకున్నాను. ఉంటే చెయ్యి దాని దగ్గరికి పోతుంది, అందుకని.

మీటలు పంచడం సులువే. ఎడమ బొటనవేలితో ఒక మీట నొక్కి పట్టి, ఏదో ఒక అక్షరం నొక్కాలి. మూలపత్రానికి ఎమ్. మూలపత్రం అంటే ఆ భూమి అంతకు ముందు ఎలా చేతులు మారిందో చెప్పే పాత దస్తావేజు, స్కాను చేసి కంప్యూటర్‌లో ఉంటుంది. హద్దులన్నీ అందులో చూసే కొట్టాలి. ప్రింటుకు పి. టైపు కొట్టే దానికి టి. ఇలా ఇరవై ఆరు. ఆడి నెలలో వచ్చిన ఆదివారాలన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చునేవాళ్ళం. మూలపత్రం తెరువు, పక్కకు జరుపు, టైపులోకి రా, ప్రింటుకు పంపు. మూడో ఆదివారానికి ఆమె చూడకుండానే నొక్కుతోంది.

తమిళం టైపు కూడా పాత మిషను పద్ధతిలోనే పెట్టాను. ఒక మీట నొక్కితే ఇంగ్లీషు నుంచి తమిళానికి, మళ్ళీ నొక్కితే తిరిగి ఇంగ్లీషుకు. తమిళంలో అమ్మ అని కొట్టి చూశాను. సరిగ్గా పడింది. చాలనుకున్నాను.

ఇదిగో, ఇక్కడే.

"అత్తా, ఒక దస్తావేజు మొదటి నుంచి చివరిదాకా కొట్టి చూడరాదా?" అని అడిగాను కూడా. అడగలేదని ఎవరూ అనడానికి లేదు.

ఆమె చెవులు మూసుకున్నంత పని చేసింది. "చీ చీ! ఊరికే ఎవురన్నా పత్రం కొడతారా? కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు, చేను మాత్రం చేతులు మారేదా? అది దొంగ పత్రం పాపా. అదీ ఆడి నెలలో!"

ఆ కొట్టులో అది మొదటి నుంచీ ఉన్న కట్టుబాటు. పేర్లు, ధర లాంటి పై సంగతులన్నీ ముందురోజే అన్నాచ్చి చేత్తో రాసి పెట్టినా, ఆస్తి వివరం మాత్రం ముహూర్తం రోజే కొట్టాలి. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఎదురుగా కూర్చుని ఉండగా, ఒక్కొక్క హద్దు పైకి చదువుతూ కొట్టాలి. వాళ్ళు అవునంటేనే తర్వాతి హద్దు. ఉత్తుత్తి పేర్లతో కూడా ఆమె కొట్టదు.

"సరే, దస్తావేజు వద్దు. ఏదో ఒకటి కొట్టు. ఉత్తరం కొట్టు."

"కొట్టేది నువ్వా నాకు నేర్పించేది?" అని నవ్వింది. "నువ్వు పుట్టినప్పుడు పేరు పెట్టే కాగితం కొట్టిందే నేను."

నేనూ నవ్వేసి వదిలేశాను. ఆమెకు టైపు రాకపోవడం ఏమిటి? అలా ఆ నెలంతా మేము ఇంగ్లీషులోనే మీటలు నొక్కి, తెలుగులో మాట్లాడుకుని, తమిళం ముట్టుకోకుండానే ముగించాం. ఆమె బతుకుతెరువు మాత్రం తమిళం.

ఆవణి మొదటి ముహూర్తం శుక్రవారం వచ్చింది. ముందురోజు రాత్రే కంప్యూటర్ ఆటోలో మళ్ళీ కొట్టుకు చేరింది. శుక్రవారం రావుకాలం పదిన్నరకు మొదలు. రిజిస్ట్రారు ఆఫీసు పదికి తెరుస్తారు. మొదటి టోకెను అన్నాచ్చి దగ్గరికి వచ్చిన పార్టీదే. అంటే పదింటికల్లా దస్తావేజు చేతిలో ఉండాలి, పదిన్నరలోపు సంతకాలు అయిపోవాలి. ఆ రోజే మా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టే మేడం వస్తోంది. రెండు కంప్యూటర్లు మొరాయిస్తున్నాయి. పిల్లలు గుంపుగా గుమ్మంలో నిలబడి ఉన్నారు. సరిగ్గా తొమ్మిది ఇరవైకి అత్త ఫోను.

"పాపా, ఎమ్ కొడితే మూలపత్రం రాలేదు."

"బొటనవేలు నొక్కి పట్టావా?"

"పట్టినా."

"గట్టిగా పట్టావా?"

"పట్టినానే. పొద్దున తెరిచినప్పుడు వచ్చింది. తూరుపు, పడమర చూసుకొంటి. టైపులోకి వస్తి, ఆ రెండూ కొడితిని. ఇప్పుడు దక్షిణం చూడాలని కొడితే రాలేదు. టి కూడా రాలేదు. ఏదీ రాలేదు."

"ఏదీ రాకపోవడం ఏమిటత్తా! వేరే ఏదో నొక్కి ఉంటావు."

"నొక్కలే పాపా. అందరూ చూస్తా వుండారు. అన్నాచ్చి నా వెనకాలే నిలబడి వుండాడు. మౌసూ లేదు. ఏం చేసేది?"

అప్పుడే గుమ్మం దగ్గర పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. నోటికి ఏం వస్తోందో నాకే తెలియలేదు. కాదు, అది అబద్ధం. తెలుసు.

"నెల రోజులు నేర్పించాను అత్తా! ఇంకా నేనేం చెయ్యను? వయసైపోయాక కొన్ని ఎక్కవు. లేచి ఆ మారీశ్వరికి ఇచ్చెయ్ కుర్చీ. ఆమె చూసుకుంటుంది."

అత్త "సరి" అంది. ఫోను పెట్టేసింది.

నేను ల్యాబులోకి పోయాను. మొరాయించిన రెండు కంప్యూటర్లూ సరిచేశాను. పిల్లలను వరుసగా కూర్చోబెట్టాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గాని, ఆ "సరి" అనే మాట చెవిలోంచి పోలేదు. మా అత్త సరి అని ఊరుకునే మనిషి కాదు. ఎదురు మాట లేకుండా ఆమె సరి అనడం నేను పుట్టాక వినలేదు. తిరిగి ఫోను చేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏం చెప్పాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

తొమ్మిది ముప్పై నాలుగుకు ఫోను మోగింది. అత్తే.

"పాపా, అరవొద్దు. విను. ఇంగ్లీషులో వుంటే మాట వింటాది. తమిళంలోకి వస్తే చెవుడు."

ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి వచ్చాను.

"నువ్వు ఎమ్ అని అక్షరానికి చెప్పిపెట్టినావు గదా?" అని ఆమె నిదానంగా చెప్పుకుపోయింది. "నేను తమిళంలో వుంటే అదే మీట కొట్టినా దానికి ఎమ్ కనబడదు, తమిళ అక్షరం కనబడతాది. ఈ పిల్ల ఎవురో తెలీదని ఊరుకొంటాది. అక్షరానికి గాదు పాపా, తావుకు చెప్పాల. మా టైపు సారు రేకు మూసిపెట్టింది దానికే. వేలికి తావు తెలుసు, అక్షరం తెలీదు. నీ కంప్యూటరుకు తావు చెప్పేదానికి వీలవతాదా?"

వీలవుతుంది. ఎందుకు కాదు? దానికోసం ఒక మాట ఉంది. ఆ ఫైలులో ప్రతి వరుసలో ఆ ఒక్క మాట చేరిస్తే కంప్యూటర్ అక్షరాన్ని చూడదు, మీట ఉన్న చోటును చూస్తుంది. నాకు తెలిసిన మాటే. నేను ఎప్పుడూ ఇంగ్లీషులోనే కొడతాను కాబట్టి నాకు అది ఎప్పుడూ అక్కర పడలేదు. ఇరవై ఆరు మీటలూ అక్షరాలకు కట్టేసి, ఒక్కసారి కూడా తమిళంలో నొక్కి చూడకుండా, తప్పు ఆమె వయసు మీదకు తోసేశాను.

"అత్తా, ఇంగ్లీషులోకి వచ్చి సెట్టింగుల ఫైలు తెరువు. నేను చెప్పే మాట ప్రతి వరుసలో రెండో మాటగా కొట్టు." ఒక్కొక్క అక్షరం చెప్పాను.

"ఎన్ని వరసలు?"

"ఇరవై ఆరు."

ఫోనులో మీటల చప్పుడు మొదలైంది. మెల్లగా కొట్టు, కంగారు పడకు అని చెప్పబోయాను. రెండు నిమిషాలు కూడా కాకముందే చప్పుడు ఆగింది.

"అయింది. ఇంగేం?"

"అప్పుడేనా?"

"ఇరవై ఆరే గదా."

కొత్త రాత అమలు కావడానికి ఏం నొక్కాలో చెప్పాను. అవతలి నుంచి ఆమె తమిళంలో పైకి చదువుతున్న గొంతు వినబడింది. ఉత్తరాన ఫలానావారి చేను. ఎవరో అవునన్నారు. మళ్ళీ మీటల చప్పుడు. నాతో మాట్లాడుతున్న సంగతి మరిచిపోయి ఫోను అలాగే బల్ల మీద పెట్టేసింది. నేను ఫోను కట్ చెయ్యలేదు. ప్రింటరు కదిలిన చప్పుడు దాకా విన్నాను. టైము తొమ్మిది నలభై తొమ్మిది. అప్పుడు పరీక్ష మేడం వచ్చింది, నా కళ్ళు చూసి దుమ్ము పడిందా అని అడిగింది. పడిందన్నాను.

ఆ రోజు తొమ్మిది దస్తావేజులు కొట్టిందట. ఒక్క ముద్ర కాగితం కూడా పాడు కాలేదు. ఈ సంగతి నాకు సాయంత్రం మామ ఫోను చేసి చెప్పాడు. అత్త చెయ్యలేదు.

మర్నాడు శనివారం. కాలేజీ లేదు. పొద్దున్నే బస్సెక్కి నేరుగా అన్నాచ్చి కొట్టుకే పోయాను. ఏం చెప్పాలో సాత్తూరు దాకా ఒకటి అనుకున్నాను, సాత్తూరు దాటాక ఇంకొకటి అనుకున్నాను. గుమ్మంలో నిలబడి చూస్తే అత్త పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కుర్చీలో ఒక అమ్మాయి ఉంది. కుర్చీ పోయిందనుకున్నాను.

దగ్గరికి పోతే తెలిసింది. ఆ అమ్మాయి మారీశ్వరి. ఆమె రెండు చేతుల మీదా, మీటల మీదా కలిపి తుండుగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద వేళ్ళు తడుముకుంటున్నాయి. తెర మీద అక్షరాలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. ముందురోజు అత్త అన్నానికి లేచినప్పుడు అన్నాచ్చి మారీశ్వరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూశాడట. మౌసు లేదు, గుండీ లేదు, బొమ్మ లేదు, పైన శుక్రవారం రావుకాలం మాత్రం ఉంది. ఆ పిల్ల పది నిమిషాలు తెరను చూసి, చేతులు జోడించి లేచిపోయింది. అన్నాచ్చి అప్పుడే తేల్చేశాడు. కుర్చీ జానకియమ్మాళ్‌దే, మారీశ్వరి ఆమె కింద నేర్చుకుంటుంది.

"రా, రా," అంది అత్త నన్ను చూసి. "మౌసు ఎత్తుకొని పోతివి, తెస్తివా? అన్నాచ్చి అడగతా వుండాడు. ఆయనది అది."

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. మారీశ్వరిని టీ తాగి రమ్మని పంపించి అత్త తన కుర్చీలోకి మారింది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"అత్తా, నిన్న నేను అన్న మాట..."

"ఏ మాట?"

"తెలీనట్టు మాట్లాడకు. నన్ను తిట్టు. నాలుగు తిట్టు. ఊరుకుంటే నాకు ఇంకా కష్టంగా ఉంది."

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎడమ చేత్తోనే.

"తిట్టేదానికేం వుండాది? నువ్వు చెప్పింది చేసేస్తిని పాపా. ఫోను పెట్టేస్తి, బేగు తీసుకొంటి, లేచేస్తి. మారీశ్వరి వచ్చి కుర్చీ మింద చెయ్యి కూడా పెట్టేసింది. అన్నాచ్చి ఒక మాట అనలే. ఇదంతా పెట్టింది నా ఇంటి పిల్ల, ఆ పిల్లే కాదంటే ఇంగ కానట్టే గదా అనుకొంటి."

నేను స్టూలును ఆమె దగ్గరికి లాక్కున్నాను.

"గడప దాకా పోతి. పార్టీవాళ్ళు నన్నే చూస్తా వుండారు. ముసలాయన, ఆయన పెండ్లాము. అప్పుడు గుర్తొచ్చింది, నాలుగు హద్దుల్లో రెండే కొట్టినా. తూరుపు, పడమర అయినాయి, దక్షిణం, ఉత్తరం లేదు. అట్ల సగంలో వదిలిపెట్టి ఎట్ల పోయేది? దక్షిణం బొమ్మక్క చేను. అది నాకు తెలుసు, బొమ్మక్క కొన్నప్పుడు పత్రం నేనే కొడితిని. సర్వే నంబరు నూటపన్నెండు బై మూడు బి. సరి, తెలిసిన హద్దు ఒకటి కొట్టేసి పోదామని మళ్ళీ కూర్చొంటి. నూటపన్నెండు బై మూడు కొట్టి, బి కోసరం ఇంగ్లీషులోకి పోతి. చెయ్యి అలవాటుగా ఎమ్ కొట్టేసింది. మూలపత్రం వచ్చి నిలబడింది."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. పైపట్టీలో ఆనాటి రావుకాలం తొమ్మిది నుంచి పదిన్నర అని చూపిస్తోంది.

"నన్ను క్షమించత్తా," అన్నాను. ఇంతవరకు ఎవరికీ నేను చెప్పని మాట అది.

"పోనీలేవే," అంది. "నీ మాటకు లేస్తిని, బొమ్మక్క చేనుకు కూర్చొంటిని."

అని తుండుగుడ్డ మడిచి పక్కన పెట్టి, టైపులోకి వచ్చి, సోమవారం పార్టీ పేర్లు కొట్టడం మొదలుపెట్టింది. నేను ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. ఆ చేనుకు దక్షిణాన బొమ్మక్క చేను కాకుండా ఇంకెవరిదైనా ఉండి ఉంటే, ఆ నంబరు మా అత్తకు నోటికి రాకపోయి ఉంటే, ఆమె గడప దాటి ఇంటికి పోయి ఉండేది.